మేటి కూతురు

బెంగళూరు, జయనగర
13 మార్చి 2000

బైరన్నా,

నువ్వు బాగున్నావని అనుకుంటాను. అనుకోవడం తప్ప వేరే దారి లేదు. కిందటి దీపావళికి రాసిన ఉత్తరానికే నీ జవాబు రాలేదు. ఇంటికి ఫోన్ చెయ్యవద్దని నేనే అన్నాను, ఒప్పుకుంటాను. ఆ ఫోను హాల్లో మా అత్తగారి కుర్చీ పక్కనే ఉంటుంది మరి. అందుకే ఆఫీసులో టిఫిన్ డబ్బా మూసి, పాలసీ ఫారాల వెనకవైపు ఇది రాస్తున్నాను. నువ్వూ ఆఫీసుకే రాయి.

సంగతి ఏమిటంటే, ఈ వేసవికి మేం హొన్నెగుడ్డె దీవికి వెళ్తున్నాం.

ఇంకోసారి చదువు. అదే దీవి, నాన్న పనిచేసిన అదే బంగళా. సర్కారు ఎవరికో లీజుకిచ్చిందట, ఇప్పుడది రిసార్టు. అభిజిత్ వాళ్ళ కంపెనీలో ఎవరో వెళ్ళొచ్చి ఫోటోలు చూపించారు. "నేత్రా, ఇది మీ దీవే కదా! సర్‌ప్రైజ్!" అని టికెట్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా అత్తగారు కాత్యాయని గారు కూడా వస్తున్నారు. వియ్యంకుడుగారి వైభవం కళ్ళారా చూడాలని ఆవిడ కోరిక.

వైభవం అంటే ఏమిటో చెప్తాను, కోప్పడకుండా చదువు. పెళ్ళికి ముందు ఒకసారి క్యాంటీనులో అభిజిత్ "మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగాడు. నేను నిజమే చెప్పాను. "హొన్నెగుడ్డె బంగళాకి మేటి" అన్నాను. మన పక్క మేటి అంటే ఎవరు? సర్కారు బంగళా తలుపు తీసి, గది ఊడ్చి, వచ్చిన ఆఫీసరుకు వండిపెట్టి, ఎంగిలి తట్టలు కడిగేవాడు. కర్ణాటకలో పసిబిడ్డను అడిగినా చెప్తుంది. అభిజిత్ వాళ్ళ విజయవాడలో మేటి అంటే మహానుభావుడు! "అబ్బో" అన్నాడు అభిజిత్. ఆ "అబ్బో" దగ్గర నేను నోరు తెరవాల్సింది. టీ తాగేశాను.

అలా పదేళ్ళ నుంచి టీ తాగుతూనే ఉన్నాను. ఈ మధ్యలో మా అత్తగారి నోట నాన్న దీవికి దొర అయిపోయాడు. "మా కోడలు వేసవి వస్తే దీవిలోనే ఉండేదండీ, సొంత బంగళా లాంటిది" అని పక్కింటావిడకు చెప్తుంటే నేను పప్పులో పోపు వేస్తూ వింటాను.

ఇప్పుడు భయమేమిటంటే, మాలూరు ఈరమ్మ ఇంకా అక్కడే ఉంది. నాన్నతో పాటు బంగళాలో కసువు ఊడ్చిన ఈరమ్మే. రిసార్టు వాళ్ళ రంగుల కాగితంలో ఆమె ఫోటో ఉంది. నెత్తిన టోపీ, చేతిలో పరక, కింద "చిరునవ్వుల సేవ" అని ముద్రించారు. ఆ కాగితం జతచేశాను. నన్ను చూస్తే ఊరుకుంటుందా? నీ మాటంటే ఆమెకు గురి. ఒక ముక్క రాయి అన్నా. నన్ను గుర్తుపట్టవద్దని రాస్తే చాలు. చదివిపెట్టడానికి మనవరాలు ఉందిలే.

నీ చెల్లెలు
నేత్రావతి


జిగణి
20 మార్చి 2000

నేత్రా,

రాయను.

ఇక్కడే ఆపేస్తే ఉత్తరానికి గౌరవంగా ఉండేది. కానీ నాకు గౌరవం కంటే కోపం ఎక్కువ, నీకు తెలుసు.

మొదట ఒక మాట అడుగుతాను. మన నాయన ఎప్పట్నుంచి "నాన్న" అయినాడు? జయనగర నాలుగో బ్లాకులో ఆయనకు పేరు మార్చే రిజిస్ట్రారు ఆఫీసు ఏమన్నా ఉండాదా? బతికినన్నాళ్ళూ నాయనే కదా ఆయన. హొసకోటెలో పుట్టి, అమ్మ పోయినాక మనిద్దరినీ చంకన వేసుకుని కాంట్రాక్టరు వెంట సముద్రం దాటిన మునినారాయణప్ప. ఆయన్ను దొరను చేసినావు. అబద్ధం కూడా చెప్పకుండా చేసినావు చూడు, అది నీ చదువు గొప్పతనం. సర్కారు కూడా ఇంత నాజూకుగా అబద్ధమాడదు.

నువ్వు పంపిన కాగితం పూర్తిగా చదివినాను. "సంప్రదాయ వల లాగుడు అనుభవం, ఇరవై నిమిషాలు" అట. బెస్తవాళ్ళు పొట్టకోసం లాగితే అది కష్టం, సాఫ్ట్‌వేరు వాళ్ళు డబ్బిచ్చి లాగితే అది అనుభవం! మేమిక్కడ ఎనిమిది గంటల కంటే ఎక్కువ పని చేయం అని గేటు ముందర కూర్చుంటే, మీరు కొనుక్కుని మరీ పని చేస్తా ఉండారు. మా జిగణిలో కూడా ఒక అనుభవం ఉండాదమ్మా. గ్రానైటు పలక మోసే అనుభవం. ఇరవై నిమిషాలు కాదు, పూర్తి షిఫ్టు. దుమ్ము ఉచితం. మీ ఆయన కంపెనీ వాళ్ళను కుటుంబాలతో సహా పంపు.

సెలవు అనే మాట గురించి ఎప్పుడైనా ఆలోచించినావా? ఒక మనిషికి సెలవు రావాలంటే ఇంకో మనిషి పక్కబట్టలు దులపాల. ఆ దులిపినాయన బిడ్డవు నువ్వు. ఈరోజు దులిపించుకోడానికి పోతా ఉండావు. పో. కానీ ఈరమ్మ నోరు కట్టేసే పనికి నన్ను పిలవద్దు. నేను కార్మికుల నోరు తెరిపించే పనిలో ఉండాను.

బైరప్ప


బెంగళూరు
2 ఏప్రిల్ 2000

అన్నా,

నీ ఉపన్యాసం అందింది. మా సెక్షన్ ఆఫీసరు "ఏమమ్మా, ఇంటి నుంచి చెడ్డవార్తా?" అని అడిగాడు. "లేదు సార్, మా అన్నయ్య క్షేమంగా ఉన్నాడట" అన్నాను.

నువ్వు దులపడం గురించే రాశావు. నాకు గుర్తున్నది వేరు. తెల్లారేసరికి నాన్న మనిద్దరికీ చెరొక దంతె ఇచ్చి ఇసుక సాపు చేయించేవాడు, గుర్తుందా? దొరలు దిగేసరికి ఒక్క అడుగు కూడా కనపడకూడదు. సాపు చేసే ముందు ఆ ఇసుకలోనే అ ఆలు దిద్దించేవాడు. ఈ ఉత్తరం రాస్తున్న తెలుగు అక్కడిదే. తడి టవళ్ళు నెత్తిన పెట్టుకుని ఎవరు ముందు దండెం దాకా పరిగెత్తుతారో అని పందెం పెట్టేవాడు. గవ్వలు ఏరి దండలు కుచ్చేవాళ్ళం. అవి ఆఫీసరమ్మలకు అని నాకు చాలా ఏళ్ళు తెలియదు. నాకు ఆటే. ఆయన దాన్ని ఆటగా చేసి ఇచ్చాడు. నువ్వు "చాకిరీ" అంటావు. నీకు పదహారేళ్ళు, నాకు పది. మన ఇద్దరి మధ్య తేడా సిద్ధాంతం కాదు, ఆ ఆరేళ్ళే.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ తిట్టేది ఉంది కాబట్టి. నువ్వు ఏం చేస్తావని మా అత్తగారు అడిగినప్పుడు "ఇండస్ట్రియల్ రిలేషన్స్‌లో ఉన్నాడు" అన్నాను. అందులోనూ అబద్ధం లేదు. యాజమాన్యంతో నీకున్నంత రిలేషన్ ఇంకెవరికుంది? ఆవిడ మాత్రం నీకు కారు ఉందనుకుంటోంది. ఇంటికి ఎందుకు పిలవవు అంటే, "బిజీ అండీ" అంటున్నాను.

ఈరమ్మకు రాయవా?

నేత్ర


జిగణి
15 ఏప్రిల్ 2000

నేత్రా,

రాయను. రిలేషన్స్ ఆఫీసరు పదవికి నా రాజీనామా కూడా ఇందులోనే ఉందనుకో.

ఆటగా చేసి ఇచ్చినాడంట! మా యాజమాన్యం కూడా పోయిన నెల మాకు ఆట పెట్టింది. ఎవరు ఎక్కువ పలకలు పాలిష్ చేస్తే వాళ్ళకు ప్లాస్టిక్ బకెట్టు. నలుగురు నడుములు పట్టుకుని పడుకున్నారు. గెలిచినవాడు ఆ బకెట్టు కూడా మోసుకుని పోలేకపోయినాడు. చాకిరీకి ఆట అని పేరు పెట్టడం దొరల విద్య. నాయన దాన్ని అమాయకంగా నేర్చుకున్నాడు, నువ్వు ఆనందంగా నమ్మినావు.

మే డే కరపత్రం జత చేసినాను. చదువు. "ఆఫీసరు కొడుకుల బూట్లు చేత్తో ఎత్తవలసి వచ్చిన ఒక మేటి కొడుకును నేను. ఆ అవమానం చూసి తట్టుకోలేకే పదిహేడేళ్ళకు దీవి విడిచి పడవ ఎక్కినాను." ప్రతి ఏడూ ఇదే చెప్తాను. మూడువందల మంది లేచి నిలబడతారు. నువ్వు నాయన్ను దాచుకుని బతుకుతా ఉండావు, నేను మైకు పెట్టి చెప్తా ఉండాను. మనిద్దరిలో ఆయనకు బిడ్డ ఎవరో నువ్వే తేల్చుకో.

బైరప్ప


హొన్నెగుడ్డె దీవి
3 మే 2000

అన్నా,

అంతా అయిపోయింది. అంటే ఏమీ కాలేదు. చెప్తాను, నీకు నవ్వొస్తుంది.

పడవ దిగగానే మెడలో గవ్వల దండ వేశారు. వేసిన అమ్మాయికి పదేళ్ళ కిందట ఎవరు కుచ్చడం నేర్పారో! మనం పడుకున్న వెనక వంటిల్లు కొట్టేసి, ఆ చోట ఒక కొయ్య చట్రం నిలబెట్టారు. దానిపేరు "కుటుంబ జ్ఞాపకాల మూల". అందరూ వరుసగా వచ్చి అందులో నిలబడి నవ్వి ఫోటో దిగుతారు. మా అత్తగారు, మా అమ్మాయి చిన్ని దిగారు. వాళ్ళు నిలబడింది మన పొయ్యి మీద.

ఇక్కడ వినోదానికి టైంటేబుల్ ఉంది. ఆరింటికి సూర్యోదయం, హాజరు వేస్తారు. ఎనిమిదింటికి ఇసుక గూళ్ళ పోటీ. పదింటికి వల. పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా ఏమీ చెయ్యకపోవడం. దానికి కూడా విజిల్ వేస్తారు. నీ ఫ్యాక్టరీలో కూడా ఇంత క్రమశిక్షణ ఉండదు.

వల సంగతి విను. అభిజిత్, ఇంకో పదిమంది కంపెనీ వాళ్ళు తాడు పట్టుకుని "హైసా" అంటూ లాగారు. చేతులు బొబ్బలెక్కాయి, ఫోటోలు తీశారు. సగం వల ఒడ్డుకు వచ్చేసరికి విజిల్ పడింది. అందరూ తాడు అక్కడే వదిలేసి కొబ్బరినీళ్ళకు పరిగెత్తారు. వల జారి మళ్ళీ సముద్రంలోకి పోయింది. బెస్తవాళ్ళు ఒక్కమాట అనకుండా మొదటి నుంచి లాగడం మొదలుపెట్టారు. పెద్దాయన ఒకడు నా పక్కన నిలబడి "దినా ఇంతే తాయీ" అన్నాడు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నీ కోపంలో అప్పుడప్పుడు న్యాయం కూడా ఉంటుంది.

అంతలో వెనకనుంచి కేక. "ఓ పాపా! మన మేటి మునినారాయణప్ప కూతురు కాదేమే నువ్వు!"

ఈరమ్మ. టోపీ, పరక, అన్నీ ఉన్నాయి. అప్పుడే అభిజిత్ కొబ్బరిబొండాంతో తిరిగొచ్చాడు. మా అత్తగారు పక్కనే ఉన్నారు.

"విన్నావా అభీ!" అన్నారు ఆవిడ, ముఖం వెలిగిపోతూ. "ఇన్నేళ్ళయినా ఆ మహానుభావుణ్ణి మేటి అనే తలుచుకుంటున్నారు, పేరుకు ముందు!" తర్వాత ఈరమ్మ వైపు తిరిగి, "ఏమ్మా, ఎలా ఉండేవారు ఆయన?" అని అడిగారు.

"ఎట్ల ఉండేదేంది తల్లీ! ఆయప్ప ఉన్నంత కాలం ఈ బంగళాలో ఆయన చేయి పడకుండా ఒక దీపం వెలిగింది లేదు. ఎంత దొర వచ్చినా ఆయన వచ్చి తలుపు తీసేదాకా బయట నిలబడాల్సిందే."

"చూశావా!"

"కలెక్టరైనా సరే, ఆయన పెట్టిందే తినాల. ఇంకోటి కావాలంటే ఈ దీవిలో యాడ దొరుకుతాది?"

మా అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. ఈరమ్మ ఒక్క అబద్ధం కూడా ఆడలేదన్నా. నిజం మొత్తం బయటపడింది, ఎవరికీ వినపడలేదు. మూడు రోజులుగా ఇక్కడి పాత పనివాళ్ళంతా నన్ను మేటి కూతురు అంటున్నారు, మా అత్తగారు ప్రతిసారీ తల పంకిస్తున్నారు. బతికిపోయాను. మరి ఎందుకో అన్నం సహించడం లేదు.

నేత్ర


హొన్నెగుడ్డె దీవి
5 మే 2000

బైరన్నా,

చెప్పేశాను.

నిన్న భోజనాల దగ్గర మా అత్తగారు మేనేజరును పిలిచారు. "మా వియ్యంకులు మునినారాయణప్ప గారు ఈ బంగళాకి మేటి. ఆయన ఫోటో హాల్లో పెట్టించాలి, మేం పంపిస్తాం" అన్నారు. ఆ మేనేజరు మన కర్ణాటక మండ్య వాడు. ఆయనకు వెంటనే అర్థమైంది. నన్ను చూశాడు. అంతవరకూ "మేడమ్" అంటూ వంగిన నడుము మెల్లగా నిటారైంది. తర్వాత ఆయన ముఖంలో ఆలోచన పుట్టింది.

"సూపర్ మేడమ్! రేపు ఒక మేటి నైట్ పెడదాం. మీరు పాత మేటి డ్రెస్సు వేసుకుని గెస్టులకు వడ్డించండి. ఒరిజినల్ అనుభవం!"

"తప్పకుండా చేస్తుంది" అన్నారు మా అత్తగారు. అదేదో పట్టాభిషేకం అనుకున్నారు పాపం.

అక్కడ ఇంక టీ తాగడం కుదరలేదు. "అత్తయ్యా, మా నాయన దొర కాదు" అన్నాను. "మేటి అంటే ఇక్కడ వంటవాడు. గదులు ఊడ్చేవాడు. మీరు కూర్చున్న ఈ హాలు కూడా ఊడ్చాడు. మీకు మొదట్నుంచీ తప్పుగా అర్థమైంది, నేను దిద్దలేదు."

ఆవిడ చెంచా కింద పెట్టలేదు, నోట్లోనూ పెట్టుకోలేదు. అభిజిత్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "నాకేం అభ్యంతరం లేదు నేత్రా. నేను అలాంటివాణ్ణి కాదు, నీకు తెలుసు" అని, పక్కకు చూసి, "అయితే మా ఆఫీసు వాళ్ళు పక్క టేబుల్‌లో ఉన్నారు, కొంచెం మెల్లగా" అన్నాడు. చిన్ని మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని అడిగింది, "అంటే తాతయ్య ఇక్కడ రోజూ ఉండేవాడా? సెలవులు అయిపోయినా?"

అన్నా, ఇప్పుడు నీ సంగతి.

పొద్దున ఈరమ్మ దగ్గర కూర్చుని నీ కరపత్రం చదివి వినిపించాను. నువ్వు నాయన గురించి అంతమంది ముందు చెప్తావని గర్వంగానే చదివాను. బూట్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఎవరి బూట్లు?" అంది. ఆఫీసరు కొడుకులవి అన్నాను. "కాదు పాపా" అంది. తర్వాత చెప్పింది.

పెద్ద ఇంజినీరు కుటుంబం వచ్చిన వేసవి. నాకు జ్వరం, నేను లోపల పడుకుని ఉన్నాను. ఎవరో మరిచిపోయిన తెల్లచొక్కా, బూట్లు వేసుకుని నువ్వు వాళ్ళ పిల్లలతో క్రికెట్ ఆడుతున్నావట. బెంగళూరు నుంచి సెలవులకు వచ్చానని చెప్పావట. నాయన నిమ్మకాయ పానకం పళ్ళెం తెచ్చి, "బైరా, నువ్వూ తాగురా" అన్నాడట. ఆ పిల్లలు ఎవరతను అని అడిగితే నువ్వు, "ఎవరో ఇక్కడి మేటి. నా పేరు ఎట్ల తెలిసిందో" అన్నావట.

ఈరమ్మ పక్కనే ఊడుస్తోంది. నాయన "తప్పయింది సామీ" అన్నాడట నీతో. మొదటి గ్లాసు నీకే ఇచ్చాడట. ఆట అయ్యాక నువ్వు విడిచిన బూట్లు, ఆ పిల్లలు చూస్తుండగానే, చేత్తో ఎత్తి ఇసుక దులిపి వరండాలో పెట్టాడట. నీ అబద్ధం నిలబెట్టడానికి. మర్నాటి పడవకే నువ్వు వెళ్ళిపోయావు.

నేను పదేళ్ళు ఊరికే ఉన్నాను. నువ్వు ఇరవై మూడేళ్ళు చప్పట్లు కొట్టించుకున్నావు.

నేత్ర


జిగణి
21 మే 2000

నేత్రా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. ఈ మధ్యలో జవాబుగా నాలుగు పేజీలు రాసినాను. అందులో వర్గ సమాజం, అది పిల్లల మనసులో పెట్టే సిగ్గు, పదిహేడేళ్ళ వాడి చైతన్య స్థాయి అన్నీ వచ్చినాయి. మంచి వ్యాసం. చదువుకుంటే ఎవడో ఇంకొకడి గురించి రాసినట్టు ఉండాది. చించేసినాను.

ఈరమ్మ చెప్పింది నిజం. పానకంలో ఉప్పు ఎక్కువైంది ఆరోజు. అది ఆమెకు తెలియదు, నేను తాగినాను కాబట్టి నాకు తెలుసు.

మే డే రోజు కూడా అదే ఉపన్యాసం ఇచ్చినాను. నీ ఉత్తరం అప్పటికి రాలేదు. వచ్చినా ఇచ్చేవాణ్ణేమో. ఆ బూట్ల దగ్గర నా గొంతు ప్రతి ఏడూ పట్టేస్తాది. జనం అది కళ అనుకుంటారు.

ఆయన పోయేలోపల పదకొండేళ్ళు నాకు టైము ఉండింది. నాలుగుసార్లు పోయినాను. ప్రతిసారీ యూనియన్ సంగతులే మాట్లాడినాను. ఆయన వినేవాడు.

ఇంకేమీ రాయలేను.

బైర


బెంగళూరు
4 జూన్ 2000

అన్నా,

మా ఇంటి సంగతులు విను. వచ్చిన మూడు రోజులు మా అత్తగారు మౌనవ్రతం. నాలుగోరోజు పక్కింటావిడ వచ్చి ట్రిప్పు ఎలా జరిగిందని అడిగింది. నేను వంటింట్లో నిలబడి విన్నాను. "మా వియ్యంకులు హాస్పిటాలిటీ రంగంలో ఉండేవారండీ" అన్నారు ఆవిడ. "ఆ రోజుల్లోనే!" పక్కింటావిడ "అబ్బో" అంది. ఆ అబ్బో నాకు బాగా తెలుసు. ఈసారి బయటికి వచ్చి, "వంట చేసేవాడండీ, గదులు ఊడ్చేవాడు" అన్నాను. మా అత్తగారు "అదే, ఆల్‌రౌండరు" అన్నారు. ఏం చెయ్యమంటావు? ఈ దేశంలో మనం నిజం చెప్పినంత మాత్రాన సరిపోదు, అవతలివాళ్ళు ఇస్త్రీ చేసుకునే లోపల చెప్పాలి.

నేను రోజూ దిద్దుతున్నాను. ఆవిడ రోజూ ఇస్త్రీ చేస్తున్నారు. ఒక్కదాన్నే అయిపోయాను.

వచ్చే ఆదివారం భోజనానికి రా. నువ్వు బస్సులోనే వస్తావని, రిలేషన్స్ కాదు యూనియన్ అని ఇంట్లో చెప్పేశాను. ఆవిడ తప్పకుండా అడుగుతారు, "మీ నాన్నగారు హోటల్ లైన్లో ఉండేవారట కదా?" అని. జవాబు నేను చెప్పను. నీకు ఎదురుగా చిన్ని కూర్చుని ఉంటుంది, తాతయ్య గురించి వినాలని పది ప్రశ్నలు దాచుకుంది. మైకు ఉండదు, మూడువందల మంది ఉండరు. బూట్ల కథ నీకు నచ్చినట్టు కాదు, జరిగినట్టు చెప్పాలి. లేదా అది కూడా వద్దు. ఆరోజు ఆ పిల్లలు అడిగారు, ఎవరతను అని. దానికి జవాబు చెప్పు చాలు.

నేత్ర


జిగణి
8 జూన్ 2000

నేత్రా,

వస్తాను. పదకొండు గంటల బస్సుకు.

మూడు దినాలుగా షిఫ్టు అయినాక ఖాళీ షెడ్డులో నిలబడి చెప్పి చూసుకుంటా ఉండాను. "మా నాయన" దాకా వస్తాంది. అక్కడ నిలిచిపోతాంది. ఉపన్యాసాల్లో ఎప్పుడూ "ఒక మేటి" అనే చెప్పినాను, "మా నాయన" అని ఒక్కసారి కూడా అనలేదని ఇప్పుడు తెలిసింది.

అన్నం వడ్డించడానికి తొందరపడొద్దు. నాకు కొంచెం టైము పడతాది.

బైర